మా పెట్ట జాతి నాలుగుసార్లు మారింది

పక్కవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన వారానికి వాళ్ళ పెరట్లోంచి కోడి అరుపు వినిపించింది. వెళ్ళి చూస్తే పాత సామాన్ల వెనక నక్కి ఒక పెట్ట. ఎర్రటి గోధుమరంగు, మెడ దాదాపు బోడి. తలమీది జుట్టు, అదే ఎర్రటి కండ తురాయి, పాలిపోయి, ఒక పక్కకు వాలి కన్ను సగం కప్పేసింది. ఎత్తుకుంటే ఖాళీ అట్టపెట్టె ఎత్తినట్టుంది. వాళ్ళకు ఫోన్ చేస్తే, "మాది కాదండీ, ఎక్కడి నుంచో వచ్చింది, నాలుగు గింజలు వేసేవాళ్ళం అంతే" అన్నారు.

పశువుల డాక్టర్ పేలకు మందు రాసి, బరువు చూసి, చీటీలో 'జాతి' అన్న గడి దగ్గర ఆగి నా వైపు చూశారు. నాకేం తెలుసు? గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆ ఖాళీ గడి నన్ను మూడు నెలలు నిద్రపోనివ్వలేదు.

మొదటి ఊహ బోడిమెడ కోడి. పుట్టుకతోనే మెడమీద ఈకలుండని రకం ఒకటి ఉంది. ఆ లక్షణం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మెడ ముందు భాగంలో చిన్న ఈకల కుచ్చు మిగులుతుంది, ఇద్దరి నుంచీ వస్తే అదీ సరిగా ఉండదు. సంబరపడ్డాను కానీ వారం తిరగకుండానే మెడ నిండా నీలంగా, ముళ్ళలాంటివి పొడుచుకొచ్చాయి. తొడుగులో చుట్టుకుని పుట్టే కొత్త ఈకలవి. బోడిమెడ రకానికి అక్కడ ఈక మొలిచే కుదుళ్ళే ఉండవు. దీనివి ఎవరో పొడిచి పీకేసినవన్నమాట.

రెండో ఊహకు పెద్దగా ఆలోచించలేదు. ఎర్ర కోడి, కాబట్టి రోడ్ ఐలండ్ రెడ్ అనే జాతి! రంగు చూసి జాతి చెప్పేయడం మనకు అలవాటు. డేగ, కాకి, నెమలి అని పిలుస్తాం, నిజానికి అవన్నీ రంగుల పేర్లే. ఫొటోలతో పోల్చి చూశాక ఉత్సాహం చల్లారింది. అసలైన రోడ్ ఐలండ్ రెడ్ ముదురు ఎరుపు, దాదాపు మహాగని కర్ర రంగు. తోక నల్లగా, ఎండలో పచ్చటి మెరుపుతో ఉంటుంది. కాళ్ళు పసుపు. మా పెట్ట తోకలో నలుపు లేదు, కాళ్ళు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

అప్పుడు కూర్చుని పద్ధతిగా చూశాను. పగలు పట్టుకుంటే గోల, అందుకని చీకటి పడ్డాక తువ్వాలులో చుట్టి, టార్చి వెలుతురులో. జుట్టు ఒకే రెక్కగా, రంపపు పళ్ళలా ఉంది. రంగు కన్నా జుట్టు ఆకారం నమ్మదగిన గుర్తే, కానీ అదీ పూర్తిగా కాదు. వారసత్వం గురించి మెండెల్ చెప్పిన సూత్రాలు జంతువుల్లో కూడా పనిచేస్తాయని 1902లో బ్రిటిష్ శాస్త్రవేత్త బేట్సన్ చూపించింది కోళ్ళ జుట్టుతోనే. గులాబీ జుట్టు, బఠాణీ జుట్టు అనే ఆకారాలున్న కోళ్ళను జతకడితే రెండింటినీ పోలని మూడోది, వాల్‌నట్ జుట్టు, వస్తుంది. తర్వాత వేళ్ళు లెక్కపెట్టాను. నాలుగే. ఐదు ఉంటే డార్కింగ్, సిల్కీ, ఫేవరోల్ లాంటి కొద్దిపాటి జాతుల్లో వెతికితే చాలు, పని సులువయ్యేది. కాళ్ళమీద ఈకలు లేవు. చెవి కింద ఉండే చర్మపు బిళ్ళ ఎర్రగా ఉంది. అది ఎర్రగా ఉంటే చాలావరకు గోధుమరంగు గుడ్డు, తెల్లగా ఉంటే తెల్ల గుడ్డు అంటారు, మినహాయింపులు ఉన్నా. మా పెట్ట ఆ వారంలో పెట్టిన ఒకే ఒక్క గుడ్డు గోధుమరంగే. పగలగొట్టి పెంకు లోపలి పొర ఒలిచి చూస్తే లోపల తెలుపు. నీలం గుడ్డయితే లోపలా నీలమే కనిపిస్తుంది. గోధుమరంగు మాత్రం చివర్లో పైపైన పూసే పూత.

ఎర్ర ఒళ్ళు, తెల్ల కాళ్ళు, ఒంటి రెక్క జుట్టు, గోధుమరంగు గుడ్డు. అన్నీ కలిపి చూస్తే రెడ్ ససెక్స్ అని తేలింది. ఆ జాతికి మెడమీద నల్ల చారలుండాలి. దీనికి మెడమీద ఈకలే లేవు కదా, ఎలా తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. నల్లగా ఉండాల్సిన తోక సంగతి అసలు తలుచుకోలేదు.

గొప్పగా అక్కకు ఫోన్ చేశాను. తను ఇరవై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతోంది. "ససెక్సా?" అని నవ్వి, "ముందు ముక్కు చూడరా" అంది.

చూశాను. పై ముక్కు కింది ముక్కు కన్నా పొట్టిగా, మొద్దుగా ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకుని వదిలేసిన సంగతే అది. "దెబ్బ కాదు, కత్తిరించారు. పెద్ద ఫారాల్లో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లలప్పుడే చేస్తారు. దండె మీద కూర్చుంటోందా?" లేదు. గూట్లో నేలమీదే నిద్రపోతోంది. "గోళ్ళు?" బాగా పొడుగు. "ఇంకేం, గుడ్ల కోసం ఫారాల్లో పెంచే లేయర్ కోడి. వయసైపోయిందని అమ్మేసి ఉంటారు."

"మరి కాళ్ళు తెల్లగా ఉన్నాయేంటక్కా?"

"గుడ్లు మాననీ, తర్వాత చూడు" అని పెట్టేసింది.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. పసుపు కాళ్ళ జాతుల్లో ఆ పసుపు మేతలోంచి వచ్చేది. పెట్ట గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక ఆ రంగంతా పచ్చసొనలోకి మళ్ళుతుంది. ముందు గుడ్డు వచ్చే రంధ్రం చుట్టూ, తర్వాత కంటి చుట్టూ, ముక్కు, చివరికి కాళ్ళు వెలిసిపోతాయి. కాళ్ళ దాకా తెల్లబడిందంటే నెలల తరబడి ఆపకుండా పెట్టిందని అర్థం. గుడ్లు ఆగాక అదే వరసలో రంగు తిరిగొస్తుంది. తెల్ల కాళ్ళు చూసి నేను జాతి చెప్పాననుకున్నాను, అవి చెప్పింది పాపం దాని చాకిరీ గురించి.

మా పెట్ట గుడ్లు మానేసి ఈకలు రాల్చడం మొదలుపెట్టింది. పెరడంతా ఎవరో దిండు చింపినట్టు. నెలకు కంటి చుట్టూ సన్నగా పసుపు గీత కనిపించింది. ఇంకో నెలన్నరకు కాళ్ళు పసుపుకొమ్ముల్లా అయ్యాయి. ససెక్స్ పోయింది. కొత్త ఈకలు పూర్తిగా వచ్చాక వీపు మీద ఒకటి వేలితో పక్కకు తీసి చూశాను. చివర ఎరుపు, మొదట్లో నూగంతా పాలలా తెలుపు. రోడ్ ఐలండ్ రెడ్‌కి చర్మం దాకా ఎరుపే ఉండాలి. తోకలోనూ రెండు తెల్ల ఈకలు.

ఆ తెలుపు సంకరానికి గుర్తు. ఎర్ర పుంజునీ, వెండి రంగు లక్షణం ఉన్న తెల్ల పెట్టనీ జతకడితే ఆడపిల్లలు ఎర్రగా, మగవి తెల్లగా పొదుగుతాయి. పక్షుల్లో ఆడ, మగ తేల్చే క్రోమోజోముల్లో ఒకటైన జెడ్ కూతురికి తండ్రి నుంచే వస్తుంది, ఈ రంగు లక్షణం ఉండేది దానిమీదే. పుట్టిన రోజే రంగు చూసి ఆడ, మగ వేరుచేయొచ్చు కాబట్టి హ్యాచరీలకు ఇది ఇష్టం. ఐఎస్ఏ బ్రౌన్, లోమన్ బ్రౌన్, హైలైన్ బ్రౌన్ అనే లేయర్ కోళ్ళన్నీ ఈ తరహావే. చూసి వీటిలో ఏదో చెప్పడం కుదరదు. నిజానికి ఇవి జాతులు కూడా కావు, సంకరాలు. వీటి పిల్లలు వీటిలా రావు.

రెండోసారి వెళ్ళినప్పుడు గడిలో 'బ్రౌన్ లేయర్, సంకరం' అని రాయించాను. డాక్టర్ వెంటనే మాట మార్చి, దాని పొట్ట తడిమారు. వీటి పూర్వీకురాలైన అడవి కోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడితే, ఇవి మూడొందలు పెడతాయి. వయసు మీద పడ్డాక పచ్చసొన దారి తప్పి కడుపులో పడి ఇన్‌ఫెక్షన్ రావడం వీటిలో మామూలట. పొట్ట ఉబ్బినా, పెంగ్విన్‌లా నిటారుగా నడిచినా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం పొట్ట తడిమి, బరువు చూసి క్యాలెండర్ మీద రాస్తున్నాను. పోయిన వారం 1.9 కిలోలు. దండె మాత్రం ఇంకా ఎక్కడం లేదు.