ధాన్యమా, బియ్యమా? నాకు మార్కులు పోయింది అక్కడే

సివిల్స్ మెయిన్స్ రాస్తున్నవాళ్లకు నా తప్పు ఒకటి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మాక్ టెస్టులో ప్రశ్న: అభివృద్ధి చెందుతున్న ప్రాంతాల మధ్య వ్యవసాయ ఉత్పాదకతలో తేడాలు ఎందుకు? 15 మార్కులు, 250 పదాలు. చైనాలో వరి హెక్టారుకు 7 టన్నులు, మన దగ్గర 2.8 టన్నులే అని ధీమాగా మొదలుపెట్టాను. 4 మార్కులొచ్చాయి. పేపర్ దిద్దిన సారు పక్కన రాసింది ఒక్కటే: "ధాన్యమా, బియ్యమా?"

చైనా అంకె ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్క, అంటే ధాన్యం. మనది వ్యవసాయ శాఖ లెక్క, అంటే బియ్యం. క్వింటా ధాన్యం ఆడిస్తే సుమారు 67 కిలోల బియ్యం వస్తుంది కదా, ఆ లెక్కన మనది 4 టన్నులు దాటుతుంది. తేడా ఉంది, కానీ నేను రాసినంత లేదు. ఇంటికెళ్లి చెబితే నాన్న పడీపడీ నవ్వారు. మాది గోదావరి డెల్టా. దాళ్వాలో (రబీ వరిలో) ఎకరాకు 40 బస్తాలు పండిస్తారు. 75 కిలోల బస్తా, ఎకరాకు 3 టన్నులు, హెక్టారుకు ఏడున్నర దగ్గర. అంటే చైనా సగటు మా చేలోనే ఉంది. దేశ సగటు ఒక్కటే పట్టుకుని రాస్తే ఇది కనపడదు.

అసలు పోల్చాల్సింది సహారాకు దిగువనున్న ఆఫ్రికాతో. 1960ల మొదట్లో తృణధాన్యాల దిగుబడి అక్కడా ఇక్కడా హెక్టారుకు టన్నుకు అటూఇటూ. ఇప్పుడు మనది 3 టన్నులు దాటింది, వాళ్లది ఒకటిన్నర దగ్గరే ఉంది. ఐఆర్8 అనే వరి వంగడం ఫిలిప్పీన్స్‌లో 1966లో విడుదలైతే, మరుసటి ఏడాదికే పశ్చిమ గోదావరి ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు గారు సాగు చేశారు. పొట్టి వంగడం, ఎరువు బాగా వేసినా అంత తేలిగ్గా పడిపోదు, కానీ నీళ్లుండాలి. మాకు ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు అప్పటికే వందేళ్లకు పైగా ఉన్నాయి. ఆఫ్రికాలో సాగునీరు అందేది 5 శాతం భూమికి అటూఇటూ. పైగా అక్కడ ఎక్కువగా తినేది మొక్కజొన్న, జొన్న, కర్రపెండలం. వరి, గోధుమ వంగడాలు వాళ్లకు ఎంతమేరకు పనికొస్తాయి? ఎరువు సంగతీ అంతే. 2006లో నైజీరియా రాజధాని అబుజాలో ఆఫ్రికా దేశాలు ఎరువు వాడకాన్ని హెక్టారుకు 8 కిలోల నుంచి 50కి పెంచాలని తీర్మానించారు, గడువైన 2015కి అందులో సగం కూడా కాలేదు. ఓడరేవు నుంచి లోపలి ఊళ్లకు చేరేసరికి సంచి ధర రైతుకు అందదు. ఇథియోపియా కథ వేరు: ఊరూరా రైతులకు సలహాలిచ్చే విస్తరణ కార్యకర్తల్ని పెట్టి మొక్కజొన్న దిగుబడి రెట్టింపు చేసుకుంది.

'సాంకేతిక అంతరం' అనే మాటనూ నేను ఇష్టమొచ్చినట్టు వాడేవాణ్ని. ప్రదర్శన క్షేత్రాల (కొత్త పద్ధతులు రైతులకు పండించి చూపే చేల) లెక్కలో దానికి అర్థం ఖచ్చితంగా ఉంది: వంగడం ఇవ్వగల దిగుబడికీ ప్రదర్శన క్షేత్రంలో వచ్చినదానికీ తేడా. ప్రదర్శన క్షేత్రానికీ రైతు చేనుకీ మధ్య తేడా 'విస్తరణ అంతరం'. మొదటిది పరిశోధనకూ నేలకూ వాతావరణానికీ సంబంధించింది, రెండోది సలహా, అప్పు, సరుకు అందక వచ్చేది. ఆఫ్రికా మీద రాసేటప్పుడు ఈ రెండిటినీ విడదీస్తే కారణాలు వాటంతటవే సర్దుకుంటాయి.

నెల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ రాశాను, ప్రతి అంకె పక్కనా ధాన్యమో బియ్యమో వేసి. 8 వచ్చాయి. ఈసారి సారు పక్కన రాసింది: "మ్యాప్ ఏదమ్మా?"