వెనక వరుసకు అర సెకను

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగారు. హాస్టల్ గురించీ వార్షికోత్సవాల గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను డ్రైవ్-ఇన్ గురించి, అంటే కార్లలోనే కూర్చుని సినిమా చూసే ఆరుబయటి థియేటర్ గురించి రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి కిటికీలోంచి ఆ తెర వెనక భాగం కనిపించేది. కొత్తలో శనివారం వస్తే కార్లు రోడ్డు మీదికి వచ్చేసేవి. ఓ సాయంత్రం ఆట మొదలవకముందే సైన్సు మాష్టారు మనందరినీ అక్కడికి నడిపించుకెళ్లారు. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా పోసిన మట్టి గట్లు చూపించి, 1933లో న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ మొదటి డ్రైవ్-ఇన్ తెరిచినప్పుడు పేటెంటు తీసుకున్నది ఈ అమరికకేనని చెప్పారు. తర్వాత మనల్ని చివరి వరుసకి పంపి, ఆయన తెర కింద నిలబడి రెండు పరీక్ష అట్టలు ఫట్‌మని కొట్టారు. అట్టలు కలవడం ముందు కనిపించింది, చప్పుడు ఆ తర్వాత వచ్చింది! నూట డెబ్బై మీటర్లకి అర సెకను. స్పీకర్లు తెర దగ్గరే పెట్టిన తొలి రోజుల్లో వెనక కార్లవాళ్లకి పెదాలు కదిలాక మాట వినపడేదట, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకేమో ఒకటే గోల. అందుకే కారు కిటికీకి తగిలించే స్పీకర్లు వచ్చాయి, ఆనక కారులోని ఎఫ్‌ఎం రేడియోలోనే వినే పద్ధతి వచ్చింది.

చదువులు, ఉద్యోగాలు అయ్యి నేను మళ్లీ అటు వెళ్లేసరికి అక్కడ ప్లాట్లు వేసేశారు. వీడియోలే చంపేశాయంటారు గానీ నాకైతే అసలు కారణం నేలే అనిపిస్తుంది. ఎకరాల కొద్దీ స్థలం, చీకటి పడితేగానీ బొమ్మ పడదు, వానొస్తే అదీ లేదు. పగలంతా ఖాళీగా పడుండే స్థలం ధర పెరుగుతుంటే టిక్కెట్ల డబ్బు ఏ మూలకి? ఆపైన రీళ్లు పోయి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాక ఆ ఖర్చు తట్టుకోలేక ఎన్నో చోట్ల మూసేశారు.

నేనిప్పుడు పెద్ద పెద్ద బహిరంగ సభలకి సౌండ్ డిజైన్ చేస్తున్నాను. వేదిక మీది మాటా వెనక స్పీకర్ల మాటా ఒకేసారి చేరాలంటే ఆ స్పీకర్లకి ఎంత డిలే (ఆలస్యం) పెట్టాలో లెక్క వేసేది నేనే, చివరి వరుసలో నిలబడి వింటేగానీ ఓకే చెప్పను. మొన్న ఫోన్‌లో మాష్టారికి ఇదంతా చెప్పాను. ఆయన పూర్తిగా విని, "గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది కదరా, ఉష్ణోగ్రత ఎంత వేసుకున్నావు?" అని అడిగారు.