వెంటిలేటర్ పెట్టారంటే ఇక అంతేనా?

మా ఉదయగిరి పక్క ఎవరికైనా పక్షవాతం వచ్చి నెల్లూరు ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారంటే చాలు, పొద్దుగూకేలోపు సగం ఊరు "ఇంకేం లేదు, బిల్లు కోసం ఉంచుతున్నారు" అనేస్తుంది. మా పెదనాయనప్పుడూ ఇదే మాట.

స్ట్రోక్‌లో చాలామందికి వెంటిలేటర్ గొట్టం గొంతులోకి వేసేది స్పృహ తగ్గినందుకు. నాలుక వెనక్కి పడిపోతుంది, మింగడం చేతకాదు, ఉమ్మో వాంతో ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా పట్టుకుంటుంది. అందుకే "బతుకుతాడా" అని అడిగేకంటే ముందు "ఎందుకు పెట్టారు, సొంతంగా ఎంత ఊపిరి తీస్తున్నాడు, మత్తు మందు ఆపి చూశారా" అని అడగండి. మత్తులో ఉన్న మనిషి కళ్లు తెరవలేదని కంగారుపడి ఏం లాభం?

నర్సు కళ్లె లాగే సక్షన్ పైపు లోపలికి దించగానే పెదనాయన మంచం అదిరేలా దగ్గేవాడు. చూడలేక మా అక్క బయటికి వచ్చేసేది. డ్యూటీ డాక్టరేమో "దగ్గు వస్తోంది కదమ్మా, మంచిదే" అన్నాడు. దగ్గించే మెదడు భాగం ఇంకా పనిచేస్తోందని ఆయన లెక్క.

అట్లని లెక్క తేలికైనదేం కాదు. వెంటిలేటర్ దాకా వెళ్లిన స్ట్రోక్ పేషెంట్లలో సుమారు సగం మంది, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే, మొదటి నెలల్లోనే పోతారు. పెదనాయన బతికాడు గానీ కుడి చెయ్యి రాలేదు, మాట సగమే వచ్చింది. పక్క బెడ్ ఆయన ఇంకా చిన్నవాడు, దక్కలేదు. వయసు, రక్తం గడ్డ కట్టిందా నరం చిట్లిందా, ఎంత మెదడు దెబ్బతింది, వీటిని బట్టే ఉంటుంది. అరవై లోపువాళ్లకు గడ్డ కట్టి మెదడు బాగా వాచిపోతే 48 గంటల్లో పుర్రె ఎముక తీసి పెట్టే ఆపరేషన్ ఉంది. యూరప్‌లో మూడు ట్రయల్స్ కలిపి 2007లో చూస్తే, ఏడాదికి ఆపరేషన్ అయినవాళ్లలో 78 శాతం, కానివాళ్లలో 29 శాతం బతికున్నారు. బతికినవాళ్లలో చాలామందికి పక్కన మనిషి ఉండాల్సిందే, అది కూడా తెలుసుకునే సంతకం పెట్టాలి.

మొదటి రోజే "ఇంటికి తీసుకుపోదాం" అనే చుట్టాల మాట మాత్రం వినొద్దు. నరం చిట్లినవాళ్ల విషయంలో కనీసం రెండో రోజు గడిచేదాకా అలాంటి నిర్ణయం వద్దని అమెరికా డాక్టర్ల గైడ్‌లైన్సే చెబుతున్నాయి. చెన్నై తీసుకుపోదామంటారా, ముందు స్కాన్లు ఫోన్లో పంపి అక్కడివాళ్లను అడగండి, ఆ తర్వాతే అంబులెన్స్.

గొంతుకు రంధ్రం పెడతామంటే హడలిపోకండి. నోట్లోంచి గొట్టం తీసేస్తారు, మత్తు తగ్గించొచ్చు, కళ్లె తీయడం సులువు, అవసరం తీరాక చాలామందికి పూడిపోతుంది. దాంతోనే ఇంటికి పంపేటట్టయితే సక్షన్ చేయడం ఇంట్లో ఇద్దరికైనా నేర్పించమనండి, ఒక్కరికే వస్తే ఆ మనిషికి రాత్రిళ్లు నిద్రుండదు.