మీ ఊరనుకున్నావా

"ఉంగ ఊరున్ను నెనచ్చియా?" అన్నాడు ఎస్సై తమిళంలో. మీ ఊరనుకున్నావా అని. పోయిన అక్టోబర్‌లో, రాత్రి పదకొండు దాటాక, చెన్నైలో గిండీ దగ్గర, జోరు వానలో. నేను పికప్‌లోంచి దిగి కాగితాల కవరు చొక్కా లోపల పెట్టుకుని ఆయన ముందు నిలబడి ఉన్నా. ఆ మాట ఇప్పటికీ నా లోపల తిరుగుతూనే ఉంది, అందుకే రాస్తున్నా.

చెన్నై వచ్చి 11 ఏళ్లయింది. అంబత్తూరులో డీజిల్ పంపులు, జనరేటర్లు అద్దెకిచ్చే కంపెనీలో బండ్లు పంపే పని నాది. ఏ సైటుకి ఏ బండి, ఏ డ్రైవరు, వెనకాల ఏ ట్రాలీ తగిలించాలి అన్నీ నేనే చూసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ వానలు కాబట్టి ఆ మూడు నెలలూ మాకు నిద్రుండదు, వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు, ఎక్కడ సెల్లారులో నీళ్లొచ్చినా ఫోన్ మోగుద్ది.

ఆ రాత్రి కూడా వేళచ్చేరిలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఫోన్. లిఫ్ట్ గుంటలోకి నీళ్లు దిగాయి, పైన మూడో అంతస్తులో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దాయన ఉన్నాడు, కరెంటు తీసేశారు, త్వరగా రండి అని. ఆ పంపు ట్రాలీని రోజూ లాగే ట్రాక్టర్ అప్పటికే ముడిచ్చూరు వెళ్లిపోయింది, సరే అని ఖాళీగా ఉన్న పికప్‌కి తగిలించా. డ్రైవరు మా పిన్ని కొడుకు, ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు, లైసెన్స్ ఆంధ్రాదే. పికప్ వెనక జనరేటర్ ఉండటంతో హోస్ పైపుల చుట్టలు పెట్టే చోటు లేక ట్రాలీ మీద పంపు పక్కనే వేశాం, అవి జారిపోకుండా పట్టుకోవడానికి ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్ కుర్రాణ్ని ట్రాలీ మీద కూర్చోబెట్టా. నేనే కూర్చోమన్నా. అది తప్పని ఆ నిమిషంలో తట్టనే లేదు.

ఎస్సై టార్చి ముందు ఆ కుర్రాడి మీద పడింది. తడిసి ముద్దయిపోయి రెండు చేతులతో పైపు చుట్ట పట్టుకుని ఉన్నాడు. తర్వాత ట్రాలీ వెనకాల పడింది, అక్కడ రాసున్న నంబరు ట్రాక్టర్‌ది, ముందున్న బండి పికప్. నేనేమో ఆయన అడక్కుండానే లైసెన్స్ ఉంది సార్, బండి ఇన్సూరెన్స్ ఉంది సార్ అని మొదలుపెట్టా, లైసెన్స్ మీద ఆంధ్రా అని చూడంగానే ఏదో ఒకటి అంటాడని నా భయం. ఆయన లైసెన్స్ చూసి తిరిగిచ్చేశాడు, దాని గురించి ఒక్క మాట అనలేదు. ట్రాలీ మీద మనిషేంటి, బ్రేకేస్తే ఎక్కడ పడతాడు, ఇది మీ ఊరనుకున్నావా అన్నాడు. మా తమ్ముడు "అన్నయ్యా, ఏం మాట్లాడొద్దు" అని చెయ్యి పట్టుకున్నాడు.

ఎస్సై కుర్రాణ్ని కిందికి దించి మా ఇద్దరి మధ్య ఇరుకులో కూర్చోమన్నాడు. పైపులు తాడుతో కట్టమని చెప్పి మేం కట్టిందాకా వానలో టార్చి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ముడి ఒకటి వదులుగా ఉంటే తనే లాగి చూసి మళ్లీ కట్టమన్నాడు. చలానా రాస్తాడనుకున్నా. "అక్కడ జనం నీళ్లలో ఉన్నారు, పో, పొద్దున్నే ట్రాలీ ఆర్సీ, ఇన్సూరెన్స్ పట్టుకుని స్టేషన్‌కి రా" అన్నాడు, అంతే.

నిజం చెప్పాలంటే ఆయన వదిలేసినందుకు ఆ రాత్రి నాకు కృతజ్ఞత రాలేదు, కోపమొచ్చింది. పదకొండేళ్లలో గొల్టి అని తెలుగువాళ్లని ఎగతాళి చేసే మాట చాలాసార్లు విన్నా, పట్టించుకోకపోవడం అలవాటైంది, కానీ "మీ ఊరు" అంటే అది నన్ను కాదుగా అన్నది. మీ ఊళ్లో మాత్రం ఏం గొప్ప అని మనసులో వాదించుకుంటూనే ఉన్నా. తెల్లారకముందే ఇదే చెన్నైలో కాంక్రీట్ పనికి వెళ్లే మినీ లారీలు చూస్తాం కదా, వెనకాల మిక్సర్ తగిలించుకుని, లారీ మీద ఇరవై మంది ఆడా మగా పారలూ గమేళాలూ పట్టుకుని నిలబడి. వాళ్లనెవరు ఆపుతున్నారు? అందులో సగం మంది మనవాళ్లే అనుకోండి, ఆ సంగతి గుర్తొచ్చాక వాదన అక్కడే ఆగిపోయింది.

పొద్దున స్టేషన్‌కి వెళ్లేముందు అసలు రూల్ ఏంటో చూద్దామని మోటార్ వాహనాల చట్టం ఫోన్‌లో తెరిచా. 1988 చట్టం. ఇన్నేళ్లు ట్రాలీలు పంపుతూ ఒక్కసారి కూడా చదవలేదు. మొదటి దెబ్బ ఏంటంటే, ఆ చట్టం ప్రకారం ట్రైలర్, అంటే మా ట్రాలీ లాంటిది, కూడా మోటారు వాహనమే. ఇంజిన్ లేదు కదా, బండి వెనకాల సామానే కదా అనుకునేవాణ్ని. ఫ్యాక్టరీ కాంపౌండ్ లోపలే తిరిగేలా కట్టిందైతే వేరు, రోడ్డెక్కిందంటే దానికీ రిజిస్ట్రేషన్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. 61వ సెక్షన్ మొత్తం ట్రైలర్ల గురించే. ట్రైలర్ సొంత నంబరు దాని పక్కన ఉండాలి, దాన్ని లాగుతున్న బండి నంబరు కూడా ట్రైలర్ మీద కనపడాలి, రెండు మూడు ట్రైలర్లుంటే చిట్టచివరి దాని మీద. ఎందుకో ఆలోచిస్తే అర్థమైంది, వెనక నుంచి చూసేవాడికి లాగే బండి నంబర్ ప్లేట్ కనపడదు, రాత్రిపూట గుద్దేసి వెళ్లిపోతే ఎవరని పట్టుకుంటారు. మా ట్రాలీ పక్కన దాని నంబరు సరిగ్గానే ఉంది, వెనకాల మాత్రం ట్రాక్టర్ నంబరు. బండి మార్చింది నేను, నంబరు మార్చాల్సింది కూడా నేనే.

లైసెన్స్ విషయంలో మాత్రం నా భయం ఉత్తిదే. ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సైనా దేశమంతా చెల్లుద్ది, 13వ సెక్షన్. బండికే ఆ వెసులుబాటు లేదు, వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఎల్ఎంవీ, అంటే తేలికపాటి బండ్ల లైసెన్స్‌తో మొత్తం బరువు 7,500 కిలోల లోపుండే సరుకు బండి నడపొచ్చా, వేరేగా ట్రాన్స్‌పోర్ట్ అని రాయించుకోవాలా అని ఏళ్ల తరబడి గొడవ నడిచింది, 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల బెంచ్ అక్కర్లేదని తేల్చింది. పికప్ నడిపే మా తమ్ముడి లాంటి వాళ్లకి అది పెద్ద ఊరట. పెద్ద జనరేటర్ ట్రాలీలకి మాత్రం మా ఓనరు హెవీ లైసెన్స్ ఉన్న డ్రైవర్నే పంపమంటాడు, అదే మంచిది. లైసెన్స్ లేనివాడికి బండిస్తే వాడికి 5,000, ఇచ్చినవాడికి 5,000 దాకా పడొచ్చు, జైలు కూడా ఉంది. ఇచ్చేది నేను కదా, ఆ లైన్ రెండుసార్లు చదువుకున్నా.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు ఊరే కళ్ల ముందుకొచ్చింది. మాది బాపట్ల వైపు పర్చూరు దగ్గర. ట్రాక్టర్ వెనక తగిలించే ట్రాలీని మా వైపు ట్రక్కు అంటాం. మా నాన్న ట్రక్కు 2011లో వెల్డింగ్ షెడ్డులో కట్టించాడు, నీలం రంగు, వెనక తలుపు మీద అమ్మ పేరు. నంబరు లేదు. ఊళ్లో ఏ ట్రక్కుకీ చూసిన గుర్తు లేదు. కోటప్పకొండ తిరునాళ్లకి గడ్డి పరుచుకుని ఇరవై మందిమి అలాంటి ట్రక్కులోనే వెళ్లేవాళ్లం, అత్తయ్యలు, పిల్లలు, పులిహోర గిన్నెలు, తెల్లవారుజామున చలికి ఒకే దుప్పటిలో నలుగురం. అంత సుఖంగా నేను ఇంకే బండిలోనూ వెళ్లలేదు. మరి బస్సు రాని ఊళ్లో మిరప కోతలకి కూలీలు ఎట్టా పోతారు? కార్లో పోతారా? ఎస్సైకి ఇది చెప్పాలనిపించింది, ఇప్పటికీ చెప్పాలనే ఉంది.

కానీ ఇంకోటి కూడా ఉంది, అది నేను ఎవరికీ చెప్పుకోలేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు మా వీధిలో ఒకాయన ట్రక్కు కోతల నుంచి వస్తూ కాలవ గట్టు మీద ఒరిగిపోయింది. ఒకామె చనిపోయింది, ఇద్దరికి కాళ్లు పోయాయి. ట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ ఉంది కదా అని అందరూ ధైర్యంగా ఉన్నారు. ట్రక్కుకి లేదు, పైగా పాలసీ వ్యవసాయ పనికి, డ్రైవరు ఒక్కడికి, ట్రక్కులో కూర్చున్నవాళ్లు లెక్కలోకి రారు అన్నారు. ఆయన ఎకరంన్నర అమ్మి కట్టాడు, అదీ చాల్లేదు. అప్పుడు మేమంతా ఇన్సూరెన్స్ వాళ్లని తిట్టాం. ఇప్పుడు వెతికితే 2007లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు అచ్చం ఇట్టాంటిదే, ట్రాక్టర్‌కి పాలసీ ఉంది, ట్రాలీకి లేదు, దెబ్బ తిన్నది కూలీ. చట్టప్రకారం కంపెనీ బాధ్యత కాదంటూనే, ఆ కూలీ పరిస్థితి చూసి ముందు కంపెనీ డబ్బిచ్చి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమంది కోర్టు. మా వీధిలో ఆమె పిల్లల తరఫున అంత దూరం వెళ్లేవాళ్లెవరు.

అంటే చట్టం చెన్నైకి వేరు, పర్చూరుకి వేరు కాదు. ఎస్సై మా ఊరిని అన్నాడనే నా బాధ, మా ఊరి కూలీలకి జరిగిందే ఆ ఒడిశా కుర్రాడికి నేను చెయ్యబోయాను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను 3, 4 తారీకుల్లో చెన్నైని ముంచి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, అప్పుడు నేను ఇక్కడ ఎవరి సెల్లార్లోనో నీళ్లు తోడుతుంటే అక్కడ మా వరి పడిపోయి నీళ్లలో ఉంది. ఆ నాలుగు రోజులూ ఇదే కుర్రాడు నాతో పాటు నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. వాళ్ల ఇంట్లోవాళ్లకి నేను ఏం చెప్పేవాణ్ని?

కాగితాలు చూపించా. ఎస్సై చూసి, వెనక నంబరు మార్చావా అని అడిగాడు, బోర్డులు చేయిస్తున్నా సార్ అన్నా. ఇప్పుడు మా దగ్గర ప్రతి బండికీ ఒక నంబరు బోర్డు ఉంది, ట్రాలీ వెనక రెండు క్లిప్పులు వెల్డింగ్ చేయించా, ఏ బండి తగిలిస్తే ఆ బోర్డు పెట్టాలి, పిన్ను, సేఫ్టీ చైను, వెనక ఎర్ర లైటు, బోర్డు, నాలుగూ చూసి నేను సంతకం పెడితేనే గేటు తీస్తారు. ట్రాలీ మీద మనిషి ఎక్కితే ఆ ట్రిప్పు రద్దు.

నాన్నకి ఫోన్ చేసి ట్రక్కుకి రిజిస్ట్రేషన్ చేయిద్దామన్నా. "ఎవడడుగుతాడ్రా ఇక్కడ" అన్నాడు. ఆ ఒరిగిపోయిన ట్రక్కు గుర్తుందా నాన్నా అన్నా. కాసేపు మాట్లాడలేదు. షెడ్డువాడు ఇచ్చింది తెల్లకాగితం మీద బిల్లు, అది కూడా ఉందో లేదో, రిజిస్ట్రేషన్‌కి అది పనికొస్తుందో లేదో అన్నాడు. ఆర్టీవో ఆఫీసులో అడిగి ఏదో ఒకటి తేలుద్దాం, ఈసారి సంక్రాంతికి రెండు రోజులు ముందే మాధవరంలో బస్సెక్కుతా, పండగ సెలవులు రాకముందే వెళ్లాలి కదా అన్నా. మిరప కోతలకి మనుషుల్ని మాత్రం ఈలోపు ఎక్కించొద్దని చెప్పా. "మరెట్టా పంపమంటావ్" అన్నాడు. ఆటో కిరాయి నేను పంపిస్తా అన్నా.