కూపే వెనక ఛాసిస్‌కు ప్లేట్లు

కర్నూలు ఎండకు మధ్యాహ్నం షెడ్డులో నిలవలేం, అందుకే తెల్లారుజామునే మొదలుపెట్టాం. నా పాత కూపే, అంటే రెండు తలుపుల కారు, రియర్ వీల్ డ్రైవ్; ఇంజిన్ బలం వెనక చక్రాలకే పోతుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఆ బలమంతా సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల భాగాలను మోసే చట్రం) బోల్టుల చుట్టూ ఉన్న పలుచటి రేకు మీదే పడుతుంది. అడుగున పూసిన అండర్‌కోటింగ్ గీకితే స్పాట్ వెల్డు (రేకులను చుక్కలా అతికిన చోటు) పక్కన వెంట్రుకంత పగులు కనబడింది. దాని కొసన చిన్న రంధ్రం వేసి, ఆపైన వెల్డు చేయాలి. లేకుంటే పగులు ఇంకా పాకుతుంది.

ముందు పెట్రోల్ ట్యాంకు దించి, బ్యాటరీ విప్పాం. ఇందులో నేను రాజీపడను.

రేకుకు బలంగా పైన అతికే 2 మి.మీ. ప్లేటును దాని వంపుకు కూర్చోబెట్టడానికే పొద్దున్నంతా పట్టింది. మిగ్ వెల్డింగ్ (తీగ కరిగించి అతికే పద్ధతి) చేసే తమ్ముడు ఇక్కడ అంగుళం అతికి, అవతలి మూలకు పోయేవాడు. "ఒగేసారి లాగితే రేకు వంకర పోతాదన్నా" అన్నాడు. చల్లారాక వేలితో తడిమితే అతుకు సమంగా తగిలింది, ఎంత తృప్తో! జింక్ ప్రైమర్ కొట్టి, అంచులకు సీలర్ పూశాం. కొత్త బుష్‌లు (బిగింపు చోట కుదుపు తగ్గించే తొడుగులు) రాగానే సబ్‌ఫ్రేమ్ ఎక్కిస్తాం.