పందిపిల్ల పుట్టుక తీరు, పెరుగుదల హార్మోన్లు

సిజేరియన్‌తో తీసిన పందిపిల్లలకూ మామూలుగా పుట్టిన పిల్లలకూ పెరుగుదలలో తేడా ఎందుకు వస్తుందన్న ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలడం లేదు. చదివేకొద్దీ, పిల్ల ఏ దారిన బయటికి వచ్చిందన్న దానికంటే, వచ్చేనాటికి దాని ఒళ్లు ఎంతవరకు సిద్ధమైందన్నదే ముఖ్యమని నమ్మకం కుదిరింది.

పంది సుమారు 114 రోజులకు ఈనుతుంది. ఆ ముహూర్తం పెట్టేది చాలావరకు కడుపులోని పిల్లలే. చివరి రోజుల్లో పిల్ల పిట్యూటరీ గ్రంథి పంపే సంకేతంతో దాని అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఉద్ధృతంగా విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరిగి, తల్లి అండాశయాలలో గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారీ పడిపోయి, నొప్పులు మొదలవుతాయి. ఆ కార్టిసాలే పిల్ల ఊపిరితిత్తులను గాలి పీల్చడానికి సిద్ధం చేస్తుంది, కాలేయంలో గ్లైకోజెన్‌ను కూడబెట్టిస్తుంది, పేగులకు పాలు అరిగించుకునే శక్తినిస్తుంది. నొప్పులు రాకముందే శస్త్రచికిత్సతో తీస్తే ఈ ఏర్పాట్లన్నీ అసంపూర్తిగా ఉండిపోవచ్చు.

గ్రోత్ హార్మోన్ విషయంలోనే చాలామంది పొరబడతారు. అప్పుడే పుట్టిన పిల్ల రక్తంలో అది ఎక్కువగానే ఉంటుంది. దాని ప్రేరణతో కాలేయం తయారుచేసే, పెరుగుదలను నడిపించే ఐజీఎఫ్-1 (ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల కారకం) మాత్రం తక్కువగా ఉంటుంది. గ్రోత్ హార్మోన్‌ను అందుకోవలసిన గ్రాహకాలు కాలేయంలో ఇంకా తగినన్ని ఏర్పడకపోవడమే దీనికి కారణం. కడుపులో ఉన్నంతకాలం పెరుగుదల ప్రధానంగా మావి ద్వారా అందే పోషకాల మీద, ఇన్సులిన్ మీద, ఐజీఎఫ్-1ను పోలిన ఐజీఎఫ్-2 మీద ఆధారపడుతుంది. పుట్టాక వారాల తరబడి గ్రాహకాలు పెరుగుతూ, ఐజీఎఫ్-1 పుంజుకుంటుంది. కాలేయాన్ని ఈ మార్పుకు సిద్ధం చేసేవాటిలో కార్టిసాల్ కూడా ఒకటి కాబట్టి, పుట్టుక తీరు ప్రభావాన్ని ఇక్కడ వెతకడం సబబే. కానీ గ్రోత్ హార్మోన్ ఒక్కదాన్నే కొలిచి, ఎక్కువుంది గనుక పిల్ల బాగా పెరుగుతుందని అనుకోవడం సరికాదు.

మామూలుగా పుట్టిన పిల్లను గమనించండి. తడి ఒంటితో, బొడ్డుతాడును ఈడ్చుకుంటూ, తల్లి వెనక కాళ్ల పక్కనుంచి తడబడుతూ పొదుగు వైపు వెళ్తుంది, సాధారణంగా అరగంట అటూఇటూగా చన్ను అందుకుంటుంది. వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు పందిపిల్లకు ఉండదు గనుక, వణుకుతూ ఒళ్లు కాచుకోవడమే దానికి గతి. శస్త్రచికిత్సతో తీసిన పిల్లకు తల్లికిచ్చిన మత్తు కూడా సోకవచ్చు. అది మందకొడిగా ఉండి, త్వరగా చల్లబడి, ముర్రుపాలకు ఆలస్యమవుతుంది. మావి గుండా రోగనిరోధక ప్రతిరక్షకాలు దాటవు. ముర్రుపాలలోని ప్రతిరక్షకాలను పీల్చుకునే పేగులేమో సుమారు 24 నుంచి 36 గంటల్లో ఆ దారి మూసేస్తాయి. ఐజీఎఫ్-1 వంటి పెరుగుదల కారకాలు కూడా ఆ పాలలోనే ఉంటాయి.

అయినా సిజేరియన్ పిల్ల ఎదగదని తేల్చెయ్యడం అన్యాయం. 1950వ దశకంలో అమెరికాలోని నెబ్రాస్కాలో, శస్త్రచికిత్సతో తీసిన పిల్లలను తల్లికి దూరంగా పెంచి, కొన్ని రోగాలు లేని మందలను తయారుచేశారు. రోగభారం తగ్గిన మందలు బాగా పెరగడం వల్లే ఆ పద్ధతి వ్యాపించింది. అటు సహజ ప్రసవమూ అన్ని పిల్లలకూ ఒక్కలా ఉండదు: ఈనడం ఎక్కువసేపు సాగితే చివరి పిల్లలకు ప్రాణవాయువు తగ్గే ప్రమాదముంది. అందుకే ఇలాంటి పోలిక కనబడినప్పుడు, పిల్లలను ఎన్నో రోజున తీశారో, నొప్పులు మొదలయ్యాయో లేదో, రెండు గుంపులకూ ముర్రుపాలు ఒకే వేళకు అందాయో లేదో ముందు చూసి, ఆ తర్వాతే హార్మోన్ల అంకెల దగ్గరికి వెళ్తాను.