పూత రాకముందే

రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. పది రోజులుగా ఇలాంటి పొద్దు కోసమే చూస్తున్నాను. నేల బాగా నానితే వయ్యారిభామ వేరుతో సహా ఊడి వస్తుంది. ఎండిన నేలలో లాగితే మొదట్లోనే తెగిపోయి, మిగిలిన మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇంటి పక్క ఖాళీ స్థలంలోకి దిగాను. ఈ మొక్కలో ఉండే పార్థెనిన్ అనే పదార్థం కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెప్పిస్తుంది. నాకు ఇంతవరకూ ఏమీ కాలేదు. కానీ ఈ ఎలర్జీ మొదటి రోజే బయటపడాలని లేదు, పదే పదే తగిలితే ఎప్పుడో ఒకప్పుడు మొదలవ్వొచ్చు. అందుకే తొడుగులు తీయను.

పోయిన ఏడాది ఇదే స్థలంలో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తెల్లపూలు విరగబూసి గింజ పట్టాక పీకాను. పీకినవి అక్కడే కుప్ప పోశాను. అంతటితో ఆగకుండా పార పట్టి నేలంతా తిరగేశాను. సాయంత్రానికి స్థలం అద్దంలా ఉంది. నెల తిరక్కుండా ఆవాలు చల్లినట్టు మొలకలు! ఎదిగిన ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 గింజల దాకా రాల్చగలదు. పైపైన పడ్డ గింజలు తొందరగానే చచ్చిపోతాయి, మట్టిలో కూరుకుపోయినవి మాత్రం ఏళ్ల తరబడి బతికుంటాయి. కొత్త గింజల్ని లోపల దాచిపెట్టిందీ, పాతవాటిని వెలుతురులోకి తెచ్చిందీ నా పారే.

మట్టిలో గింజ ఎంతకాలం ఆగుతుందో చూడాలని 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు ఇసుకలో గింజలు కలిపి 20 సీసాలు పూడ్చిపెట్టాడు. వాటిలో ఒకదాన్ని 2021లో తవ్వి తీసి, గింజలు నాటితే కొన్ని మొలిచాయి! చివరి సీసా తీయాల్సింది 2100లో. ఈ సంగతి చదివినప్పటి నుంచి ఖాళీ నేలను చూస్తే ఖాళీగా అనిపించడం లేదు.

ఎనిమిదింటికి పక్కింటి పిల్లాడు గోడెక్కి కూర్చున్నాడు.

"పిన్నీ, పూలు బాగానే ఉంటాయి కదా, ఎందుకు పీకేస్తున్నావు?"

"ఇది పక్కవాటిని బతకనివ్వదురా," అన్నాను. దాని ఆకుల నుంచి, వేళ్ల నుంచి మట్టిలోకి దిగే రసాయనాలు వేరే గింజల్ని సరిగా మొలవనివ్వవని చెప్పాను. వాడు ఒప్పుకున్నట్టు లేదు. "మరి ఇదెక్కడి నుంచి వచ్చింది?" అన్నాడు. మెక్సికో వైపు నుంచి అన్నాను. "పరాయిది కాబట్టి పీకేస్తున్నావా?"

మంచి ప్రశ్న. వాణ్ని కిందికి దింపి, గోడ వారగా పాకిన రెడ్డివారి నానుబాలు చూపించాను. అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. కలుపుమొక్కే గానీ, తన పక్కన గరికను ఉండనిస్తుంది, నేల ఉసిరిని ఉండనిస్తుంది. వలస వచ్చిన మొక్కల్లో చాలావరకు ఇలా సర్దుకుపోయేవే. కొన్ని మాత్రమే అంతా తామే అయి కూర్చుంటాయి. ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, వచ్చి ఏం చేస్తోందని చూడాలి. ఈ మాట వాడికి చెబుతుంటే నాకే ఇంకాస్త స్పష్టమైంది.

మూలనున్న మొక్కల దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆకులు జల్లెడలా ఉన్నాయి. కింద తెల్లటి ఒంటిమీద గోధుమరంగు చారలున్న చిన్న పెంకుపురుగులు! జైగోగ్రామా. ఈ మొక్కను తినడానికే మెక్సికో నుంచి తెప్పించి ఆస్ట్రేలియాలో 1980లో, భారతదేశంలో 1984లో వదిలిన పురుగు. ఎండాకాలమంతా మట్టిలో దాక్కుని తొలకరికి పైకి వస్తుంది. ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాను.

ఇలా ఒక జీవి మీదికి ఇంకో జీవిని తేవడం ఆషామాషీ వ్యవహారం కాదు. అర్జెంటీనా నుంచి తెచ్చి 1926లో ఆస్ట్రేలియాలో వదిలిన కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మట, కోట్ల ఎకరాలను కమ్మేసిన నాగజెముడును కొన్నేళ్లలోనే కూల్చేసింది. అదే చిమ్మట 1989లో ఫ్లోరిడాలో కనబడింది. అక్కడ నాగజెముడు సొంత మొక్క, కాబట్టి అక్కడ ఇదే చీడ. అందుకే వదిలే ముందు ఆ పురుగు ఇంకేం తింటుందో ఏళ్ల తరబడి పరీక్షిస్తారు. ఆ ఓపిక నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

మరి నా పురుగుల్ని ఏం చెయ్యాలి? మొక్కలు పీకితే వీటికి తిండి పోతుంది. వదిలేస్తే ఆ మొక్కలు మొగ్గ మీదున్నాయి, గింజ రాలుతుంది. కాసేపు టెన్షన్ పడ్డాను. చివరికి పురుగులున్న ఏడు మొక్కల్ని ఉంచేసి, వాటి మొగ్గలన్నీ గిల్లేశాను. వారానికోసారి గిల్లాలి. మిగతావన్నీ పీకేశాను. అక్కడక్కడా పూత తగిలినవాటిని వేరేగా సంచిలో వేసి మూతి బిగించాను. పీకాక కూడా పూలలో గింజ ముదరొచ్చు, అందుకే కుప్ప పెట్టలేదు.

పార మాత్రం ముట్టుకోలేదు. పీకిన చోట చిన్న గుంటలు కాళ్లతో అదిమి, గోడవార గరికను తుంచి తెచ్చి కణుపులు మట్టిలోకి దిగేలా గుచ్చాను. బోసిగా వదిలితే లోపలున్న గింజ మళ్లీ లేస్తుంది. గరిక అల్లుకునేలోపు ఇంకో విడత మొలకలు వస్తాయి, వాటికి నాలుగైదు వారాల్లోనే పూత. కాబట్టి మూడో వారంలోనే మళ్లీ దిగాలని క్యాలెండర్లో సున్నా చుట్టాను.

సాయంత్రం ఆ పిల్లాడు మళ్లీ వచ్చాడు, గోడెక్కకుండా నేరుగా మూలకే వెళ్లాడు. "పిన్నీ, పదకొండు ఉన్నాయి," అని అరిచాడు. పొద్దున నేను లెక్కపెట్టినప్పుడు తొమ్మిదే.